ఎకరం బేరం పెట్టే ముందు ఒక్కసారి ఆగండి!

క్యాన్సర్ వచ్చిన రైతు కుటుంబానికి ఆసరా ఎక్కడెక్కడ దొరుకుతుంది?

నల్గొండ, వ్యవసాయ విలేకరి:

ఆయన మూడెకరాల బత్తాయి రైతు. బోర్లు ఎండిపోయిన ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి చెట్టుచెట్టుకూ పోసి తోటను బతికించుకున్నాడే గానీ, ఒక్క గుంట కూడా అమ్మలేదు. 2022 వానాకాలంలో భార్య రొమ్ములో గడ్డ కనపడింది. పట్నం తీసుకుపోతే క్యాన్సర్ అన్నారు. నెల తిరగకుండానే ఎకరం పది గుంటలు చేతులు మారింది.

"ఆస్పత్రిల బిల్లు కాడ పిల్ల అడిగింది సారూ, నగదా, ఇన్సూరెన్సా అని. మనకు ఇన్సూరెన్సు యాడిది? నగదే అన్న. తెల్ల రేషన్ కార్డు అంగీ జేబులనే ఉంది. అది గూడ ఇన్సూరెన్సు లెక్కనే అని నాకేమెరుక? పైసలు ఎట్ల తేవాలె అనే ఆలోచించిన గానీ, పైసలు లేకుండ అయ్యే తొవ్వ ఉన్నదా అని ఎవల్నీ అడగలే" అన్నారాయన. తన పేరు, ఊరు పేరు రాయొద్దని ముందే మాట తీసుకున్నారు.

మూడో విడత మందు ఎక్కించే రోజున పక్క మంచం మీది పేషెంటు తాలూకు మనిషి ఆరోగ్యశ్రీ సంగతి చెప్పాడట. అప్పటికే భూమి రిజిస్ట్రేషన్ అయిపోయింది.

అదే మండలంలో ఇంకో ఊరు. అక్కడ ఎకరంన్నర రైతుకు నోట్లో పుండు మానలేదు. గుట్కా అలవాటు ఉన్న మనిషి. ఊళ్లో ఆశ కార్యకర్త చూసి వదిలిపెట్టలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి నల్గొండ పెద్దాసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆసుపత్రికి పంపించింది. ఆపరేషన్, కరెంటు పెట్టడం రెండూ అయ్యాయి. "చార్జీలకు, తిండికి రెండు మేకలు అమ్మినం. భూమి జోలికి పోలే" అని ఆయన భార్య చెప్పింది.

రెండూ పేద కుటుంబాలే. రెండిళ్లలోనూ తెల్ల కార్డు ఉంది. తేడా ఒక్కటే. ఒక ఇంటికి మొదటి వారంలో అడిగే మనిషి దొరికింది, ఇంకో ఇంటికి దొరకలేదు. ఆ మొదటి వారంలో ఎవరిని ఏం అడగాలో రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు తెలియజెప్పడానికే ఈ వ్యాసం.

ముందు అనుమానం తీర్చుకోవాలి

రొమ్ములో నొప్పి లేని గడ్డ, నోట్లో మూడు వారాలైనా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, ముట్లుడిగిన తర్వాత రక్తం కనిపించడం, మింగేటప్పుడు అడ్డం పడటం, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం. వీటిలో ఏది కనిపించినా పసరు మందులతో నెలలు గడపకూడదు. ఇవన్నీ క్యాన్సరే కాకపోవచ్చు. కానీ తేల్చుకోవాల్సింది డాక్టరే.

ముప్పై ఏళ్లు దాటిన వారికి నోటి క్యాన్సర్ పరీక్ష, ఆడవారికి రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. ఊరి ఏఎన్ఎమ్మను, ఆశ కార్యకర్తను అడిగితే ఏ రోజు, ఎక్కడ చేస్తారో చెబుతారు.

"గడ్డకు కత్తి పెడితే పాకుతది" అనే మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తోంది. ఇది అపోహ. ముక్క తీసి పరీక్ష చేయనిదే క్యాన్సర్ అవునో కాదో, ఏ రకమో తెలియదు. రకం తెలియనిదే మందు లేదు. అలాగే ఈ జబ్బు ముట్టుకుంటే అంటదు. రోగికి వేరే కంచం, వేరే గది పెట్టి మనసు నొప్పించాల్సిన పని లేదు.

ముక్క పరీక్ష కాగితం వచ్చిన రోజే ఒక ప్లాస్టిక్ సంచి ప్రత్యేకంగా పెట్టుకోండి. రిపోర్టులు, స్కానింగ్ ఫిలింలు, ప్రతి బిల్లు అసలు ప్రతి, ఆధార్, రేషన్ కార్డు నకళ్లు అందులోనే ఉండాలి. ముక్క పరీక్ష చేసిన చోట గాజు పలకలు, మైనం దిమ్మ కూడా అడిగి తీసుకోవచ్చు. ఇంకో ఆసుపత్రిలో చూపించాల్సి వస్తే మళ్లీ ముక్క తీసే బాధ తప్పవచ్చు. తర్వాత ఏ సహాయం అడగాలన్నా ఈ సంచే ముఖ్యం.

రేషన్ కార్డే మొదటి ఆస్తి

ఆరోగ్యశ్రీ పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్‌లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి పెంచారు. క్యాన్సర్ ఆపరేషన్లు, మందులు ఎక్కించడం, కరెంటు పెట్టడం మూడూ ఈ పథకం కిందికి వస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రులతో పాటు పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా వర్తిస్తుంది.

ఇక్కడ రైతులు ఒక సంగతి గమనించాలి. ఇది నగదు లేకుండా వైద్యం చేయించే పథకం. ముందే మనం చేతి నుంచి కట్టేసిన డబ్బును తర్వాత తిరిగి ఇచ్చే పథకం కాదు. అందుకే చేరే రోజున, ఒక్క రూపాయి కట్టకముందే, మూడు ప్రశ్నలు అడగాలి.

ఒకటి: ఈ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉందా? రెండు: ఉంటే మా జబ్బుకు, మాకు చెప్పిన ఈ వైద్యానికి వర్తిస్తుందా? మూడు: ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారు?

ఆరోగ్యమిత్ర అంటే పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే మనిషి. కార్డు చూసి, డాక్టరు రాసిన కాగితాలు పైకి పంపి, అనుమతి వచ్చేలా చూడటం ఆ మనిషి పని. అనుమతి వచ్చాక పథకంలో ఉన్న వైద్యానికి ఆసుపత్రి డబ్బు అడగకూడదు. అడిగితే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. ఫోన్ చేసిన తేదీ, మాట్లాడిన విషయం కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంకో చిక్కు. కార్డులో పేరు లేకపోవడం. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉంటుంది. కొడుకు వేరు కాపురం పెట్టినా కార్డు వేరుపడదు. జబ్బు వచ్చాక ఈ మార్పులకు తిరగడం కష్టం. జబ్బు లేని ఇంట్లో కూడా ఈ ఆదివారమే కార్డు తీసి పేర్లు, ఆధార్‌లోని పేర్లతో సరిచూసుకోవడం మంచిది.

తెల్ల కార్డు లేని ఇళ్లలో డెబ్భై ఏళ్లు దాటిన పెద్దలుంటే నిరాశ పడొద్దు. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2024 అక్టోబరులో డెబ్భై ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో పని లేకుండా వర్తింపజేసింది. పరిమితి ఏడాదికి 5 లక్షలు. వివరాలకు 14555 నంబరు.

ఎక్కడికి పోవాలి?

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో, నీలోఫర్ పిల్లల ఆసుపత్రి దగ్గరే ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇది ప్రభుత్వానిది. 1955లో మొదలైంది. ఈ ప్రాంతానికి ఇదే ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం. పేదలు ఎక్కువగా వచ్చేది ఇక్కడికే కాబట్టి రద్దీ ఉంటుంది. తెల్లవారుజామునే చేరుకుంటే మేలు. పంజాగుట్టలోని నిమ్స్‌లోనూ క్యాన్సర్ విభాగం ఉంది. బంజారాహిల్స్‌లో 2000 సంవత్సరంలో మొదలైన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ట్రస్టు నడిపేది. అక్కడ కూడా ఆరోగ్యశ్రీ కింద చికిత్స పొందుతున్నవారు ఉన్నారు.

నల్గొండ నుంచి బస్సులో పోయేవారు ఎల్.బి.నగర్‌లో దిగి మెట్రో రైలెక్కితే మారాల్సిన పని లేకుండా లక్డీకాపూల్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి ఎం.ఎన్.జె.కు ఆటోలో కొద్ది దూరమే. ఎండలో రెండు మూడు బస్సులు మారే బాధ నీరసంగా ఉన్న మనిషికి తప్పుతుంది.

సాగర్ అవతల, పల్నాడు, గుంటూరు వైపు బంధువులున్న వారు ఈ సంగతి వారికి చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో వారు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. విశాఖపట్నం అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతి అలిపిరి దగ్గర 2022లో తెరిచిన టాటా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎవరి రాష్ట్రం కార్డు ఎక్కడ చెల్లుతుందో చేరే ముందు అడిగి తెలుసుకోవాలి.

ప్రతిసారీ పట్నం పోవాల్సిన అవసరం తగ్గే రోజులు కూడా వస్తున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లోనే మందు ఎక్కించే డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు మూడేళ్లలో ఏర్పాటు చేస్తామని కేంద్రం 2025 బడ్జెట్‌లో ప్రకటించింది. పట్నంలో డాక్టరు రాసిచ్చిన మందు దగ్గరి జిల్లా ఆసుపత్రిలో ఎక్కించుకునే వీలుందా అని మీ డాక్టరును అడగండి.

పథకం కిందికి రాని ఖర్చుకు

కొన్ని పరీక్షలు, కొన్ని ఖరీదైన మందులు ఆరోగ్యశ్రీలో ఉండకపోవచ్చు. అప్పుడు చూడాల్సింది ముఖ్యమంత్రి సహాయ నిధి. చేతి నుంచి కట్టిన బిల్లులకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎమ్మెల్యే కార్యాలయం నుంచి సిఫారసు, అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం కావాలి. జిరాక్సులు పనికిరావు. నిమ్స్ వంటి చోట వైద్యానికి ముందే ఎల్‌ఓసీ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అందుకు డాక్టరు రాసిచ్చే ఖర్చు అంచనా కాగితం ఉండాలి. దళారులకు కమీషన్ ఇవ్వాల్సిన పని లేదు. ఎమ్మెల్యే కార్యాలయంలో నేరుగా ఇవ్వండి.

ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి కూడా క్యాన్సర్ రోగులకు సహాయం అందుతుంది. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల ద్వారా సాయం చేసే కేంద్ర ఆరోగ్య మంత్రి క్యాన్సర్ నిధి 2009 నుంచి ఉంది. 1951లో ముంబైలో ఏర్పడిన ఇండియన్ క్యాన్సర్ సొసైటీ వంటి సంస్థలూ పేదలకు చేయూతనిస్తున్నాయి. వీటన్నింటికీ మనం విడివిడిగా తిరగనక్కర్లేదు. పెద్ద ఆసుపత్రుల్లో సామాజిక కార్యకర్త ఉంటారు. ఇంగ్లీషులో సోషల్ వర్కర్ అంటారు. "సోషల్ వర్కర్‌ను కలవాలి" అని వార్డులో నర్సమ్మను అడగండి. ఏ నిధికి మన కేసు సరిపోతుందో ఆ మనిషికి తెలుస్తుంది.

రాకపోకలు, బస, తిండి

వైద్యం ఉచితమైనా తిరగడానికే రైతు నలిగిపోతున్నాడు. మందు చాలామందికి మూడు వారాలకు ఒకసారి ఎక్కిస్తారు. కరెంటు మాత్రం వారంలో ఐదు రోజులు, మూడు నుంచి ఆరేడు వారాల దాకా పెడతారు. రోజూ ఊరి నుంచి తిరగడం అయ్యే పని కాదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటి పథకమే ఉంది. ఆధార్ దగ్గర ఉంచుకోవాలి. రోగి మగవారైనా, తోడు పోయేది ఆడమనిషైతే ఒక చార్జీ మిగిలినట్టే.

ముంబై టాటాకో, వెల్లూరుకో పోవాల్సి వస్తే రైలు రాయితీ ఉంది. క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో చార్జీ పూర్తిగా మాఫీ. తోడు ఒక మనిషికి ఈ రెంటిలో 75 శాతం తగ్గుతుంది. మామూలు సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న రాయితీ ఫారం తీసుకుని స్టేషన్ కౌంటర్‌లో చూపాలి.

బసకు, ఎం.ఎన్.జె. వంటి ఆసుపత్రుల దగ్గర ధర్మశాలలు, ట్రస్టుల గదుల గురించి సోషల్ వర్కర్‌నే అడగాలి. చిన్న పిల్లలకు క్యాన్సర్ వచ్చి దూరం నుంచి వచ్చిన కుటుంబాలకు సెయింట్ జూడ్ సంస్థ హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉచితంగా బస చూపిస్తోంది. హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజనం కేంద్రాలు ఉన్నాయి. ఆంధ్రలో 2024 ఆగస్టులో అన్న క్యాంటీన్లు మళ్లీ తెరిచారు.

సాగు ఆగకుండా...

ఇంట్లో ఒకరికి జబ్బు వస్తే ఇద్దరి పని ఆగుతుంది. జబ్బు పడ్డవారిది ఒకటి, తోడు తిరిగేవారిది ఒకటి. అందుకే మందు తేదీలు తెలియగానే వాటిని గోడ క్యాలెండర్ మీద నాటు, కలుపు, కోతల తేదీల పక్కనే రాసుకోవాలి. ఆ ఏడాదికి పని తక్కువ పంట వేసుకోవాలి. మనిషి అందుబాటులో లేనప్పుడు పత్తి, మిరప వంటి ఖర్చు పంటలు మీదేసుకుంటే జబ్బు అప్పుకు పంట అప్పు తోడవుతుంది.

డబ్బు అవసరం తప్పనిసరైతే, అమ్మకానికి ముందు వేరే దారులు చూడాలి. ఒక ఏడాది కౌలుకు ఇవ్వవచ్చు. బత్తాయి తోటైతే కాపు గుత్తకు ఇవ్వవచ్చు. మహిళా సంఘంలో ఉంటే స్త్రీనిధి రుణం అడగవచ్చు. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం. అదే కిసాన్ క్రెడిట్ కార్డు కింద 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఆసుపత్రి తిరుగుళ్లలో రెన్యువల్ తేదీ దాటిపోతే ఈ రాయితీ పోతుంది. తేదీకి ముందే బ్యాంకు మేనేజరును కలిసి ఆసుపత్రి కాగితాలు చూపి, ఏం చేయవచ్చో అడగండి. తప్పించుకు తిరగడం కన్నా ఎదురుపోయి చెప్పడమే మంచిది.

మందు ఎక్కించుకున్నవారు పొలం పనికి పోవచ్చా? ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. మందు ఎక్కించిన వారం నుంచి రెండు వారాల మధ్య రక్తంలో తెల్ల కణాలు తగ్గుతాయి. అప్పుడు చిన్న సూక్ష్మక్రిమి కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రోజుల్లో పేడ ఎత్తడం, పెంట దిబ్బ తిరగేయడం, బురదలో దిగడం, మందు కొట్టడం పెట్టుకోవద్దు. పచ్చి పాలు తాగొద్దు. కాచినవే తాగాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకుండా, ఊళ్లో ఇంజక్షన్‌తో సరిపెట్టకుండా, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఇంట్లో ఒక థర్మామీటరు తప్పనిసరి.

రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసినవారికి ఆ వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంది. ఆ చేత్తో బిందెలు, గడ్డిమోపులు మోయకూడదు. గడ్డి కోసేటప్పుడు, ముళ్ల చెట్లలో పనిచేసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి. గీరుకుపోయినా అశ్రద్ధ చేయకూడదు. డాక్టరు చూపిన చేతి వ్యాయామాలు మానొద్దు.

నొప్పి భరించాలని ఎక్కడా రాసి లేదు

జబ్బు ముదిరి, ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పిన ఇళ్ల పరిస్థితి వర్ణనాతీతం. రాత్రంతా మూలుగు వింటూ ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. "ఇంకేం లేదన్నరు" అని చెబుతారు. కానీ జబ్బు నయం చేయలేకపోయినా నొప్పి తగ్గించే వైద్యం ఉంది. దీనినే పాలియేటివ్ కేర్ అంటారు. ఎం.ఎన్.జె.లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణలో జిల్లాల్లోనూ ఇలాంటి కేంద్రాలు ఏర్పాటయ్యాయి. 'ఆలన' పేరుతో సిబ్బంది వాహనంలో రోగి ఇంటికే వచ్చి పుండ్లు కడిగి, మందులిచ్చి, ఇంట్లోవారికి చూసుకునే తీరు నేర్పుతారు. మీ ప్రాంతానికి వస్తారా అని ఆశ కార్యకర్తను, నల్గొండ పెద్దాసుపత్రిలో అడగండి.

తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలు వాడతారు. మత్తు మందని, అలవాటు పడతారని భయపడి కొందరు ఇవ్వరు. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే అలా భయపడాల్సిన పని లేదు. రోగులకు ఈ మందు దొరకడం సులువు కావాలనే 2014లో చట్టాన్ని సవరించారు. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికి కూడా మందు రాయించుకోవాలి.

ఇక మనసు సంగతి. జబ్బు ఒకవైపు, అప్పు ఒకవైపు ఉన్నప్పుడు ఇంటి యజమాని ఎవరికీ చెప్పుకోలేడు. రోగికి ధైర్యం చెప్పేవారు పదిమంది ఉంటారు గానీ, రోగిని చూసుకునే మనిషిని "నువ్వు తిన్నవా?" అని అడిగేవారు ఉండరు. మనసు మరీ కుంగిపోతే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది. పైసా ఖర్చు లేదు. తెలుగులో, రాత్రి పగలు మాట్లాడతారు. చుట్టుపక్కల ఎవరైనా ముభావంగా ఉంటే, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడుతుంటే ఒంటరిగా వదలొద్దు.

నోరు రాకపోయినా చెప్పాల్సిన మాట

జబ్బు ఇంట్లో ఉండగా బీమా మాట ఎత్తడం అపశకునమనుకుంటారు. కానీ వెనక ఉండే పిల్లల కోసం ఈ మాట మాట్లాడుకోవాలి.

తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా, పట్టా పాసు పుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతులకు వర్తిస్తుంది. ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు. రైతు తన చేతి నుంచి ప్రీమియం కట్టే పని లేదు. పేరు నమోదైందా, నామినీ పేరు, ఆధార్ సరిగా ఉన్నాయా అని రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి చూసుకోండి. నామినీగా పెట్టిన తల్లి ఎప్పుడో కాలం చేసి, పేరు మార్చక, భార్య ఏళ్లకేళ్లు తిరిగే పరిస్థితి రాకూడదు. భూమి భార్య పేరున కొంత ఉంటే ఆమె కూడా రైతే. ఆమె పేరు కూడా నమోదు కావాలి.

బ్యాంకు ఖాతాలో ఏడాదికి 436 రూపాయలు కోత పడుతుంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. మరణిస్తే 2 లక్షలు వస్తాయి. చాలా ఇళ్లలో ఆ కోత ఎందుకో తెలియక వదిలేస్తున్నారు. పాసు పుస్తకంలో చూసుకోండి.

ఊరు ఏం చేయగలదు?

మన ఊళ్లలో బదులుకు పోయే అలవాటు పాతదే. ఒకరి నాటుకు ఒకరు పోయేవారు. అదే పద్ధతిలో మందు ఎక్కించే రోజున ఆ ఇంటి పశువులకు గడ్డి వేసేవారు ఒకరు, పిల్లలకు అన్నం పెట్టేవారు ఒకరు, బోరు మోటరు చూసేవారు ఒకరు ముందుకొస్తే ఆ కుటుంబానికి సగం బరువు దిగినట్టే. పరామర్శకు పోయి "మా దగ్గరోళ్లకు గిట్లనే అయ్యి పోయిండు" అని చెప్పడం మాత్రం మానుకోవాలి. పోయేటప్పుడు పండ్లకు బదులు బస్సు చార్జీలు చేతిలో పెడితే ఎక్కువ మేలు.

చదువుకున్న పిల్లలు ఊళ్లో ఉన్నారు. దరఖాస్తు నింపడం, ఆధార్‌లో పేరు సరిచేయించడం, 104కు ఫోన్ చేయడం వారికి పది నిమిషాల పని. పెద్దమనిషికి అదే వారం రోజుల పని.

మొదట చెప్పిన బత్తాయి రైతు భార్య ఇప్పుడు బాగున్నారు. మాత్రలు వాడుతున్నారు, తేదీ తప్పకుండా పరీక్షకు పోతున్నారు. మేం వెళ్లిన రోజు మిగిలిన తోటలో ఎండుపుల్లలు ఏరుతున్నారు, కుడి చేతికి తొడుగు వేసుకుని. "పోయిన భూమి గురించి నేను ఏడ్వ. మనిషి దక్కింది" అన్నారు ఆ రైతు. ఆ తర్వాత కాసేపు గట్టు అవతలి చెట్ల వైపు చూశారు. అవి ఇప్పుడు ఆయనవి కావు. "అయితే సారూ, ఆ రెండూ దక్కేటియే. నేనొక్క మాట అడిగి ఉంటే అయిపోవు. పేపర్ల గది రాయుండ్రి" అన్నారు.

రాశాం. ఈ కాగితం కత్తిరించి రేషన్ కార్డు ఉన్న చోటే పెట్టుకోండి. మీకు అవసరం రాకూడదనే కోరుకుందాం. పక్కింటికి అవసరం పడవచ్చు.

గుర్తుంచుకోండి

● ఆరోగ్యశ్రీ వివరాలు, ఫిర్యాదులు: 104
● అంబులెన్స్: 108
● ఆయుష్మాన్ భారత్: 14555
● మనసు బాగా లేకపోతే, టెలి మానస్: 14416
● గుట్కా, బీడీ, చుట్ట మానడానికి సలహా: 1800-11-2356
● రైతు బీమా: మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణాధికారి, రైతు వేదిక
● ఆసుపత్రిలో అడగాల్సిన ఇద్దరు: ఆరోగ్యమిత్ర, సోషల్ వర్కర్
● పోగొట్టకూడనివి: ముక్క పరీక్ష రిపోర్టు, అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం